ఒక్కో రకం ఒక్కటే

"పాస్ దెఖాన్తు ఆజ్ఞా!" అన్నాడు గేటు దగ్గర ఒడియా మనిషి.

ధర్మలింగం పాస్ చూపించాడు. లోపలికి వెళ్తూ జేబు తడుముకున్నాడు. పాస్ చూసినవాడు పర్సు కూడా చూసుకున్నాడేమోనని.

అదీ మనిషి. బరంపురం బడా బజార్లో బహుమతులు అమ్మాలంటే బహు మతి ఉండాలంటారు. ధర్మలింగానికి మతి సంగతేమో గానీ అనుమానం మాత్రం బహు. పేరులో ధర్మం, నోట్లో ధర. హోల్‌సేల్ అనగానే ముందు అందులో హోల్ ఎక్కడుందో వెతుకుతాడు.

హల్దియాపదర్ కల్యాణమండపంలో పెట్టిన గిఫ్టుల ట్రేడ్ షో అది. షాపులవాళ్లకే ప్రవేశం. ఈసారి మంచి సరుకు దొరక్కపోతే ధర్మలింగం షట్టరు దించుకోవాలి. ఊళ్లోకి మాల్ వచ్చింది, షాపులో మాలు కదలడం మానేసింది. "ఇదే గడియారం మాల్లోనూ ఉంది సార్" అని పెళ్లిళ్ల సీజన్లో కూడా గిరాకీ గుమ్మం దాకా వచ్చి మళ్లిపోతోంది. గిఫ్టులు గిట్టడం లేదు. ఎవరి దగ్గరా లేని సరుకు కావాలి. లేదంటే షాపును మొబైల్ కవర్లవాడికి అప్పగించడమే.

స్టాళ్లన్నీ తిరిగాడు. అన్నిచోట్లా అవే పింగాణీ ఏనుగులు, అదే నవ్వే బుద్ధుడు. ఆ బుద్ధుడు ఎవర్ని చూసి నవ్వుతున్నాడో ధర్మలింగానికి ఇన్నాళ్లకి అర్థమైంది.

ఆఖరి వరసలో, బాత్రూముల పక్కన, ఒక బుల్లి స్టాలు. అక్కడ ఆగిపోయాడు.

కటకం వెండితీగ పని నెమలి. ఏటికొప్పాక లక్క భరిణె. కలకత్తా మట్టిబొమ్మ. జైపూర్ నీలం కూజా. గీత పడలేదు, మాసిపోలేదు. ఇలాంటివి బరంపురంలో ఏ షాపులోనూ లేవు.

సరుకు చూడగానే ధర్మలింగానికి చురుకు తగిలింది.

"ఏటమ్మా, ఈ భరిణె డజనెంత?"

"డజను లేవు సార్. ఒక్కో రకం ఒక్కటే. తీసుకుంటే లాటంతా తీసుకోవాల," అంది స్టాలు నడిపే హేమ. మొన్నటిదాకా ఇళ్లకెళ్లి చీరలమ్మి, కొత్తగా గిఫ్టుల్లోకి దిగిన మనిషి.

ఈ లాటులో ఏదో లోటుంది అనుకున్నాడు ధర్మలింగం. ఏ కంపెనీ అయినా ఒకే ఒక్క నెమలిని చేసి ఊరుకుంటుందా? నెమలిని తిరగేశాడు. అడుగున ధర చీటీ ఉండాల్సిన చోట గోటితో గీకిన మరక. భరిణె తిరగేశాడు. అక్కడా గీకుడే. కూజాకీ అంతే.

"ఎవల సరుకమ్మా ఇది?" గొంతు తగ్గించి అడిగాడు.

"ఒక పార్టీది సార్. పేరు సెప్పొద్దన్నారు."

"పేరు లేదు, ధర చీటీ లేదు. కొట్టుకొచ్చిన మాలు కాదు గదా?"

"అంతమాటనకండి బాబూ! మర్యాదగా ఒచ్చిందే. మీకు అనుమానమైతే ఒగ్గీండి."

వదిలేసే సరుకైతే అనుమానం ఎందుకు? చెప్పిన ధర న్యాయంగానే ఉంది. న్యాయంగా ఉన్న ధర ధర్మలింగానికి మరీ అన్యాయంగా కనిపిస్తుంది.

"సగానికిస్తావేటి?"

హేమ ఫోన్ చేసింది. అవతలివాళ్లు చెప్పింది విని కిసుక్కున నవ్వింది.

"ఏటంటన్నాడు మీ పార్టీ?"

"ఇప్పుడు మీరు 'మరి నాకేటి మిగుల్తాది' అంటారంట సార్."

నాలిక చివరకి వచ్చిన ఆ మాటనే ధర్మలింగం గుటుక్కున మింగేశాడు.

"తరవాత అక్కర్లేనట్టు మొకం పెట్టి, రెండు స్టాళ్లు తిరిగొస్తారంట. ఒక్క రూపాయి తగ్గించొద్దన్నారు."

అప్పటికే బయటకి వేసిన కాలును ధర్మలింగం మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. ఏ స్తంభం చాటునుంచైనా ఎవరైనా చూస్తున్నారా?

తన బేరం ఇంత క్షుణ్ణంగా తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే. ఎదురు షాపు పూర్ణచంద్ర. పేరులో పూర్ణం, కడుపులో కారం. వాడే ఈ పార్టీ. కేసులో ఇరికించే సరుకు తనకి అంటగట్టి, రేపు పోలీసుల్ని పంపిస్తాడు!

"ఏటి బావా, బాత్రూముల కాడ కాపరం పెట్టీసేవేటి?"

వెనక పూర్ణచంద్రే. వేళాకోళం ఆడుతూనే నెమలిని చూశాడు. తెరిచిన నోరు మూయడం మర్చిపోయాడు.

"ఏయ్ పాపా, ఇదెంత? అంతా కలిపి ఎంతకిస్తావు? మాట్లాడవేటి!"

ధర్మలింగం అతని కళ్లలోకి చూశాడు. అది నటన కాదు. అసలు సిసలు ఆకలి. అయితే పార్టీ వీడు కాదు. మరెవడు?

ఆలోచించే వ్యవధి లేదు. ఈ సరుకు ఎదురు షాపులోకి వెళ్తే అటు మాల్, ఇటు బావ. మధ్యలో తను మటాష్.

"ఆగు బావా! లాటు నాది!"

హేమ చెప్పిన ధరకే, జీవితంలో మొదటిసారి ఒక్క రూపాయి కొయ్యకుండా, స్కాన్ చేసి కట్టేశాడు.

"నువ్వు బేరమాడకుండా కొన్నావంటే అందులో ఏదో మతలబుంది బావా," అని పూర్ణచంద్ర గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఈసారి అనుమానం అతని వంతు.

ధర్మలింగం గాల్లో తేలుతూ ఇంటికి ఫోన్ చేశాడు.

"ఒసే వాసవీ! మన షాపు బతికిపోయిందే! ఊళ్లో ఎవలి కాడా లేని మాలు కొన్నాను. సాయంత్రం ఆటోలో ఇంటికొస్తాది. ఎక్కడైనా సోటు సూడు!"

"అటకంతా ఖాళీయేనండీ," అంది వాసవీకుమారి, "మన గృహప్రవేశానికి సుట్టాలు తెచ్చిన సదివింపులు రంగు కాగితాలైనా ఇప్పకుండా మీరు దాని మీదే పడేస్తే, అన్నీ ఇప్పి పొద్దున్నే హేమ స్టాలుకి పంపింది నేనే గదా!"