ప్రైవేట్ మోడ్‌లో వకుళ

ఆ రోజుల్లో ఇంటిల్లిపాదికీ ఒకటే కంప్యూటర్: మాట్లాడే హాలు గోడ. రొమ్ములో గడ్డ చేతికి తగిలిన వకుళ, అత్తగారు బజారుకు వెళ్లగానే ప్రైవేట్ మోడ్ పెట్టి, అది క్యాన్సరేమోనని వెతికింది.

"అంతా చెరిపేశానండీ. ఇంట్లో ఎవరికీ తెలియదు," అంది గోడ వినయంగా.

నిజమే, ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఊరికి మాత్రమే తెలిసింది. సాయంత్రం అత్తాకోడళ్లు ప్రకటనలు చెప్పే లిఫ్టు ఎక్కగానే, ఇరుగుపొరుగువాళ్ల ముందే అది ఆప్యాయంగా పలకరించింది.

"వకుళగారూ! రొమ్ములో గడ్డలకు ఈ వారం మా ఆస్పత్రిలో ప్రత్యేక రాయితీ!"

అందరూ మర్యాదగా చెవులు రిక్కించారు. వకుళ సిగ్గుతో తల దించుకుంది. అత్తగారు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లిఫ్టుకు తెలిసింది, నాకు తెలియకూడదుటే? భయపడకు. పద, డాక్టరమ్మకు చూపిద్దాం."

"ఇద్దరొస్తే ఇంకా తగ్గిస్తామండీ!" అంది లిఫ్టు.