దుమ్ము చుక్క

"నా మచ్చ ఏటి సేసినావు?"

బిందుమాధవి ఫోటోను కౌంటరు మీద పెట్టి వేలితో చూపించింది. కుడి చెంప మీద, చెవి పక్కన, జీడిపప్పు బద్దంత తెల్ల మచ్చ ఆమెకు పదో తరగతి నుంచీ ఉంది. ఫోటోలో లేదు. అక్కడ చెంప నున్నగా ఉంది.

కార్తికేయ కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. కాశీబుగ్గలో ఆ ఫోటో స్టూడియో అతనిదే. వచ్చే నెల అరసవల్లిలో వాళ్లిద్దరి పెళ్లి. ఇది శుభలేఖ మీద వేయించాల్సిన ఫోటో.

"మచ్చా? ఓ, అదా!" అని నవ్వాడు. "ఈ జీడి బట్టీల మసి కెమెరాలోకి దూరిపోతంది బిందూ. ఫోటో నిండా దుమ్ము సుక్కలే. ఒక్కోదాని మీదా మౌసు నొక్కి తుడుసుకుంటూ పోయినాను. ఆ ఊపులో నీ మచ్చ కూడా పోయుంటాది. సూడు, ఇలగే."

తెర మీద ఎవరిదో పెళ్లి ఫోటో తెరిచాడు. ఆకాశం నిండా నల్ల చుక్కలు. బ్రష్ పెట్టి నొక్కగానే ఒక్కొక్కటీ మాయమైపోయింది. పక్కనున్న రంగునే తెచ్చి మీద కప్పేస్తుందట.

"దుమ్ము నల్లగుంటాది. నా మచ్చ తెల్లగుంటాది" అంది బిందుమాధవి. "రెండేళ్లుగా సూత్తన్నావు. ఏది దుమ్మో, ఏది నానో నీకు తెలీలేదా?"

రెండేళ్లుగా చూడటమేనా! చందమామ ముక్క అని దానికి పేరు కూడా పెట్టాడు మహానుభావుడు. జీడి ఫ్యాక్టరీలో చున్నీ చెంప మీదికి లాక్కుని పప్పు ఏరుకునే పిల్ల, ఆ ఒక్క మాటతో చున్నీ తీసేసి తలెత్తుకు తిరిగింది.

"నిజం సెప్పు."

కార్తికేయ మౌసు వదిలేశాడు. "మా యమ్మకి మచ్చలంటే పడదు" అన్నాడు గొంతు తగ్గించి. "పాతకాలం మనిషి. నాకేటి, నువ్వు ఎలగున్నా నాకు ఇష్టమే. మా యమ్మ కోసమే తుడిసినాను. మోకాళ్ల నొప్పులతో పెళ్లికెలాగూ రాలేదు గదా. ఈ ఫోటో సూసి దీవిత్తాది."

"పెళ్లయినాక ఎప్పుడో ఒకప్పుడు నన్ను సూడదా?"

"అప్పుడు నాను మెల్లగా సెప్తాను."

అతని వెనక గోడ మీద, పెద్ద ఫ్రేములో వాళ్లమ్మ వరహాలమ్మ ఉంది. రూపాయంత బొట్టు, నున్నటి వెడల్పు ముఖం, చిన్న నవ్వు. ఆవిడకు మోకాళ్ల నొప్పులట, సొంతూరు మందస నుంచి బస్సెక్కి రావడం కుదరదట. బిందుమాధవి ఆవిడను ఈ ఫ్రేములో తప్ప చూడలేదు. ఇన్నాళ్లూ చల్లగా కనిపించిన ఆ నవ్వు చూస్తే ఇప్పుడు భయం వేసింది.

"నానే మందస ఎల్తాను" అంది. "నన్ను సూసి, వద్దంటే ఆవిడే వద్దంటాది."

ఆ మాటకు కార్తికేయ కుర్చీలోంచి లేచాడు. "వద్దు బిందూ, నా మాట ఇను. నానా మాటలూ అంటాది. గుమ్మం కూడా తొక్కనీదు." గబగబా వచ్చి చెయ్యి పట్టుకోబోయాడు.

"తుడిసీసిన సేత్తో నన్ను ముట్టుకోకు."

మందస బస్సులో చున్నీ మళ్లీ చెంప మీదికి వచ్చింది. ఎప్పుడు లాక్కుందో ఆమెకే తెలియదు. అది గమనించుకోగానే ఏడుపు ఆగలేదు. దిగేముందు కళ్లు తుడుచుకుని, చున్నీ తీసి భుజాల మీద వేసుకుంది.

ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో ఒకావిడ గేటుకు వీపు పెట్టి కూర్చుని, చీపురు కోసం కొబ్బరాకుల్లోంచి ఈనెలు చీలుస్తోంది. తల మీద నిండా కొంగు కప్పుకుంది.

"వరహాలమ్మగారు..."

"నానే. ఎవులమ్మా?" అంది ఆవిడ తిరగకుండానే.

ఆగితే మళ్లీ నోరు పెగలదని బిందుమాధవి ఒక్క గుక్కలో చెప్పేసింది. "మీ అబ్బాయి సేసుకోబోయే పిల్లనండి. మీకు నా ఫోటో సూపిత్తాడు. నా సెంప మీద బొల్లి మచ్చుంది, ఫోటోలో లేదు. దుమ్మని తుడిసీసినాడు. మీకు మచ్చలంటే పడదంట గదా. నాను మోసం సేసి మీ ఇంటికి రాలేనండి. ఒక్కసారి సూసి సెప్పండి. వద్దంటే ఇటు నుంచి ఇటే ఎల్లిపోతాను."

ఈనెలు చీలుస్తున్న చాకు ఆగిపోయింది.

"మచ్చలంటే నాకు పడదన్నాడా?"

"అవునండి."

"పెళ్లెక్కడ?"

"అరసవల్లిలోనండి. మోకాళ్ల నొప్పులు, మీరు రాలేరని సెప్పినాడు."

వరహాలమ్మ నేల మీద చెయ్యి కూడా ఆనించకుండా ఒక్క ఊపున లేచి నిలబడింది. తల మీది కొంగు తీసేసి ఇటు తిరిగింది.

నుదుటి నుంచి గడ్డం దాకా ఆ ముఖమంతా తెల్ల మచ్చలే.

"కొట్టు గోడ మీది ఫోటోలో నన్ను కూడా అలగే తుడిసీసినాడమ్మా."