విప్పిన ముడులు

ఆ పొద్దు ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. పెంచల్‌కు సాకుగా కావలసింది ఒక్క మబ్బే.

పులికాట్ సరస్సులోకి సముద్రం నీళ్లు వచ్చే మొగ దగ్గర రొయ్య బాగా పడుతుంది. అక్కడ వల వేసే హక్కు చుట్టుపక్కల కుప్పాలనే పల్లెల జాలర్లకు వంతుల మీద వస్తుంది.

పెంచల్ తన వంతులన్నీ ఇంట్లో పడుకునే పోగొట్టుకున్నాడు. ఒకసారి నడుంనొప్పి అన్నాడు. ఇంకోసారి గాలి అన్నాడు.

ఈసారి కూడా పొద్దు పొడిచేలోగా పడవ దింపకపోతే అతని వంతు తీసేసి, తర్వాతివాడికే ఇచ్చేస్తామని కూటంలో పెద్దలు తేల్చేశారు. ఆ కూటానికీ పెంచల్ పోలేదు. సంగతి కూటానికి పోయిన భార్య మహాలక్ష్మి వచ్చి చెప్పింది.

తాను వెళ్లని వేట మాత్రం అతని నోట్లో ఎప్పుడూ గొప్పదే. తను పోయుంటే తట్టలు చాలేవి కావనేవాడు. పోయి ఉత్త చేతులతో వస్తే ఆ గొప్ప కూడా మిగలదు.

తెలతెలవారుతుండగా ముక్కూమొహం తెలియని మనిషి ఒకడు గుమ్మంలో నిలబడి లేపాడు. పేరు చెంచయ్య అన్నాడు. అవతలి కుప్పం నుంచి పడవ తోసుకుంటూ వచ్చాడట. పొద్దు పొడవకముందే పడవ దింపుదాం, లేచి రమ్మన్నాడు.

"వల తెగింది, నేను రాను" అన్నాడు పెంచల్, చాప మీద నుంచి లేవకుండానే.

చెంచయ్య పంచలో కుప్పగా పడున్న వలను తిప్పి చూశాడు.

"తెగలా అన్నా. ముడులు విప్పినారు."

రాత్రి వాటిని విప్పింది పెంచలే. మహాలక్ష్మి చూసింది. చూసి, ఉమ్మేసి, వెళ్లి పడుకుంది.

చెంచయ్య కూర్చుని ముడులు వేయసాగాడు. పెంచల్‌కు ఒళ్లు మండింది.

"నిన్నెవరు రమ్మన్నారయ్యా? నేను పోతే నీకేమొస్తాది?"

"నాకేం రాదన్నా."

"మరెందుకీ పెత్తనం? పోవయ్యా, పనికిమాలినోడా" అని వల లాక్కుని, దానిమీదే తల పెట్టుకుని, దుప్పటి ముసుగేశాడు.

పొద్దు పొడిచేదాకా చెంచయ్య గుమ్మంలోనే కూర్చున్నాడు. తర్వాత లేచి రేవుకు పోయాడు.

మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. తట్టెడు రొయ్యలు మహాలక్ష్మి ముందు పెట్టాడు. ఆమె పులుసు కాచి, తినిపొమ్మని కూర్చోబెట్టింది.

పెంచల్ కూడా కంచం ముందుకు జరిగాడు.

"ఇంతకీ నా వంతు మింగిన దొంగసచ్చినోడు ఎవుడంట?"

చెంచయ్య తల వంచుకున్నాడు.

మహాలక్ష్మి అన్నం వడ్డిస్తూ, మొగుడి మొహం వైపు చూడకుండా చెప్పింది.

"కూటానికి పోయుంటే తెలిసేది. నీ తర్వాత వంతు ఈయనదే."