మొదటి పేరు

గోడ మీది గడియారంలో ఇంకా ఏడు నిమిషాలున్నాయి. ఆలోపు అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్టుకి, అంటే కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోటికి, ఒక పేరు పంపాలి.

"కాల్డర్. అంతే," అన్నాడు జట్టు మేనేజరు హాగర్టీ, వేళ్లకంటిన డోనట్ పంచదార చప్పరిస్తూ. "సరైన క్వార్టర్‌బ్యాక్ లేకే మూడేళ్లుగా ఓడుతున్నాం. ఈసారి డ్రాఫ్టులో అందరికంటే ముందు ఎంచుకునేది మనమే. ఇంకా ఆలోచనేంటి?"

"వద్దు బాస్," అన్నాడు డెల్ ప్రూయిట్. కాలేజీలన్నీ తిరిగి ఆటగాళ్లను వెతికే పని అతనిది. "బంతి విసిరేవాడికి ముందు అడ్డం నిలబడేవాళ్లు కావాలి. మన ముందు వరస జల్లెడలా ఉంది. కాల్డర్ తలెత్తి చూసేలోపే నలుగురు మీద పడతారు. ముందు ఆ నెబ్రాస్కా కుర్రాణ్ణి తీసుకుందాం. మూడొందల పాతిక పౌండ్ల బరువు. గోడే!"

"గోడ పేరున్న చొక్కా అభిమానులెవరు కొంటారయ్యా?" అంటూ నవ్వింది జట్టు యజమానురాలు మిసెస్ వాస్.

"కాల్డర్‌కి ఇరవై ఒక్కేళ్లు మేడమ్. ఇప్పుడే తెచ్చి ఈ వరస వెనక నిలబెడితే కుర్రాణ్ణి మనమే విరిచేసినవాళ్లమవుతాం," అన్నాడు డెల్.

"వీడు పెళ్లికెళ్లినా ముందు విడాకుల సంగతే అడుగుతాడు మేడమ్," అన్నాడు హాగర్టీ. గదంతా గొల్లుమంది.

నాలుగు నిమిషాలు.

పేరు పంపేముందు ఆ ఆటగాడి మీద రాసిన నివేదికను ఒకరు పైకి చదవడం ఆ గదిలో ఆనవాయితీ.

"కాల్డర్‌ది చదువు డెల్. నీ నోటితోనే విందాం," అన్నాడు హాగర్టీ.

డెల్ కుడి భుజం పైకి లేవదు. ఎడం చేత్తోనే సంచిలోంచి ఒక కాగితం తీసి, మడతలు విప్పాడు.

"విసిరితే బాణమే. ఎంత ఒత్తిడిలోనూ చెయ్యి వణకదు. ఓడుతున్నా మిగతా పదిమందీ ఇతని ముఖం చూసి ఆడతారు. ముందు వరస బలహీనమైనా ఫరవాలేదు, తట్టుకుంటాడు. ఇతణ్ణి వదులుకుంటే జీవితాంతం బాధపడతాం."

హాగర్టీ బల్ల గుద్దాడు. "అక్షరాలా కాల్డరే! ఇంత బాగా రాసి మళ్లీ అడ్డుపడతావేంటయ్యా?"

"ఇదెక్కడో విన్నట్టు లేదా బాస్?" డెల్ గొంతు తగ్గింది. "ఒక్కసారి గుర్తు చేసుకోండి."

"ఏం గుర్తు చేసుకోవాలి? టైమైపోతోంది, ఫోనందుకోండి!"

పేరు వెళ్లిపోయింది. టీవీలో కాల్డర్ వాళ్లమ్మను అమాంతం ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. ఆవిడ చెప్పు ఒకటి ఎగిరి ఎక్కడో పడింది. గదిలో ఈలలు. డెల్ కూడా నవ్వబోయాడు, చేతకాలేదు.

"ఆ కాగితం ఇటివ్వు. ఫ్రేము కట్టిస్తాను," అంటూ హాగర్టీ లాక్కున్నాడు.

చూస్తూ చూస్తూ అతని నవ్వు ఆగిపోయింది. కింద ఉన్న సంతకం తనదే. తేదీ పంతొమ్మిదేళ్ల కిందటిది. పైన ఆటగాడి పేరు, డెల్ ప్రూయిట్.