అట్ట మీద నాలుగు చుక్కలు

ఆసుపత్రి నర్సమ్మ రావడం ఇది మూడోసారి. తలుపు సందులోంచి ఆమె సంచీ కనబడగానే తల్లి కాళ్లీడ్చుకుంటూ వెనక్కి జరిగింది.

ఆ కాళ్ల సంగతి అసలే బాగాలేదు. హోటల్ దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిరి మిషను ముందు రోజుకి పది గంటలు నిలబడాలి. రెండు నెలలుగా అరికాళ్లు ఒకటే మంటలు, తిమ్మిర్లు. అది షుగరేనని ఎవరూ చెప్పకుండానే తేల్చేసుకుంది. వాళ్లమ్మ పోయిందీ దాంతోనే.

ఈ పరాయి దేశంలో నర్సమ్మా తెలుగు మనిషే. డాక్టరు దగ్గరికి వెళ్లను సెలవు దొరక్క, వెళ్లినా ఒంట్లో బాధ చెప్పుకోను భాష రాక, లోలోపలే నలిగే వలసవాళ్ల కోసం ఇంటింటికీ తిరుగుతోంది. షుగరు పరీక్షకి వేలికి సూది గుచ్చుకుని, అట్ట మీద నాలుగు రక్తపు చుక్కలు అద్ది, పేరు రాసి ఇవ్వాలి. అంతే. పైసా ఖర్చు లేదు.

"జబ్బు ముదరకముందే పట్టుకుందామనే అక్కా. కంపెనీకి మేమేం చెప్పం," అంది నర్సమ్మ.

చెప్పరని నమ్మకమేంటి? పోయినేడు మడతల బల్ల దగ్గర పనిచేసే ఆవిడ కళ్లు తిరిగి పడిపోతే, వారం తిరగకుండానే పెట్టె సర్దించి విమానం ఎక్కించారు. తన ఉద్యోగం పోతే మొగుడు ఇక్కడ ఉండే పర్మిటూ, కూతురి బడీ దాంతోపాటే పోతాయి.

పోనీ ఇవ్వకుండా తప్పించుకుందామంటే అదీ కుదిరేలా లేదు. అందరూ రేడియో అని పిలిచే పక్క గది పిన్ని పొద్దున్నే మెట్ల మీద వార్తలు చదివేసింది. ఈ అంతస్తులో ఇవ్వంది నువ్వొక్కదానివేనట, నీకేదో ఉందన్న మాట సూపర్‌వైజరు దాకా పోయిందట.

నర్సమ్మ అట్టా సూదీ బల్ల మీద పెట్టి, చీకటి పడేలోపు వచ్చి తీసుకుంటానని వెళ్లింది.

తల్లి వాటి వంక చూస్తూ కూర్చుంది. వంట మీదికి మనసు పోలేదు. బడి నుంచి వచ్చిన కూతురు సీసాడు నీళ్లు గటగటా తాగేసి మంచం మీద వాలిపోయింది. ఎప్పుడూ ఆ ఫోనేనా, నిద్ర లేక చిక్కి సగమయ్యావని తల్లి నాలుగు తిట్టి, లేచి చేతులు కడుక్కురమ్మంది.

నర్సమ్మ వచ్చేసరికి చుక్కలు ఆరి ఉన్నాయి. కింద తల్లి పేరు. అట్ట పెట్టిన కవరు చేతులు మారాక, చాన్నాళ్లకి తల్లికి ముద్ద దిగింది.

మరుసటి వారం నర్సమ్మ కాగితంతో వచ్చింది. ముందు కూర్చోమంది. తర్వాత మెల్లగా చెప్పింది. షుగరుంది, చాలా ఎక్కువుంది, ఇప్పుడే బయల్దేరి ఆసుపత్రికి రావాలి.

"ఇంత షుగరుతో అసలెలా తిరుగుతున్నారక్కా? ఇంకో నెల పోతే మనిషి దక్కేది కాదు."

తల్లి ఏడవడం చూసి భుజం మీద చెయ్యి వేసింది. మందు ఉందంది, కంపెనీకి తెలీదని ఒట్టేసింది, మీకేం కాదంది.

తల్లి లేచి వెళ్లి, మంచం మీద ముడుచుకుని నిద్రపోతున్న కూతురి చూపుడు వేలు పైకెత్తి, "ఆ రోజు సూది గుచ్చింది దీనికి నర్సమ్మా," అంది.