యోసేపు వారం

పాల్ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఎస్తేరమ్మ ఒక కన్ను తెరిచే ఉంచింది.

“ప్రభువా, ఈ దినం నీ చేతిల పెడుతున్నం. ఆమెన్.”

అంతే. ఎస్తేరమ్మ రెండో కన్నూ తెరిచింది. మొగుడి ప్రార్థన ఇంత పొట్టిగా ముగిసిందంటే ఏదో పసిగట్టాడన్నమాట.

అమరచింత చర్చిలో పురుషుల కూడిక పెట్టిన నాటి నుంచి ఆమెకు ఆదివారమంటే దడ. బైబిల్లోని మంచి తండ్రుల గురించి పాస్టరు వారానికొకరి చొప్పున చెబుతాడు. వారమంతా ఆ తండ్రి వీళ్లింట్లో కాపురముంటాడు. జలప్రళయానికి ముందే ఓడ కట్టిన నోవహు వారం, పాల్ మండుటెండల్లో టార్పాలిన్ కొనుక్కొచ్చి మిద్దె మీద కప్పాడు. కొడుక్కి పిల్లను వెతికించిన అబ్రాహాము వారం, చదువుకుంటున్న కూతురు శ్రుతికి సంబంధాలు వెతికాడు. యోబు వారం మరీ ఘోరం. పిల్లల తప్పుల కోసం యోబు పొద్దున్నే లేచి బలులు అర్పించాడట. పాల్ కూడా లేచి, ఇంట్లోవాళ్ల తప్పులన్నీ పేరుపేరునా గొంతెత్తి దేవుడికి అప్పజెప్పాడు. దేవుడికంటే ముందు గోడవతల జంగమ్మకు వినబడేవి.

“ఏంది ఎస్తేరమ్మా, పప్పు మాడ్చినవంట?” అని ఆమె పరామర్శ కూడా.

అలాంటి మనిషికి, శ్రుతి నర్సింగులో ఒక సబ్జెక్టు తప్పిందని చెప్పడమెలా? ఫలితాలు రాకముందే పాసైనట్టు చర్చిలో సాక్ష్యం చెప్పి లడ్డూలు పంచాడాయె. తెలిస్తే సంఘమంతా మోకాళ్ల మీద ఉంటుంది.

“నా పేరు ప్రార్థనల పడిందంటే మళ్ల పరీక్ష రాయనే అమ్మా. పత్తి ఏరనీకి పోత,” అంది శ్రుతి. అన్నంత పనీ చేసే పిల్ల.

మళ్లీ పరీక్షకు కట్టే ఫారం వనపర్తి కాలేజీలో ఇవ్వడానికి ఇవాళే ఆఖరు. దాని మీద తండ్రి సంతకం ఉండాలి. పది రోజులుగా అది వంటింట్లో చక్కెర డబ్బా కింద దాక్కుంది.

“మరి సంతకం?” అని శ్రుతి అడిగితే, “ఎట్లనో ఒకట్ల అయితది తియ్యి,” అంది ఎస్తేరమ్మ.

మొన్న ఆదివారం భయపడుతూనే అడిగింది. “ఏమయ్యా, ఈ వారం ఎవలు?”

“యోసేపు. మరియమ్మ పెనిమిటి.”

ఎస్తేరమ్మ బైబిలు తిరగేసింది. ఆ మనిషి ఎక్కడా ఒక్క మాట మాట్లాడలేదు. నిద్ర లేస్తాడు, చేయాల్సింది చేస్తాడు. హమ్మయ్య అనుకుంది.

నిజంగానే పాల్ నోరు మూతబడింది. అందరికంటే ముందు లేచి, తన టీ తానే కాచుకుని పనికి పోతున్నాడు. ఆత్మకూరులో ఎవరిదో ఇంటికి ఆకుపచ్చ రంగు వేస్తున్నాడు. కంచం మీద, తువ్వాల మీద, బైబిలు అట్ట మీద ఆ మరకలే. రెండు రోజులు పోయాక ఆమెకు కొత్త భయం పట్టుకుంది. వాగే మొగుడైతే ఏ మూల ఉన్నాడో తెలుస్తుంది. మూగనోము పట్టినవాణ్ణి కాపలా కాసేదెట్లా?

“వనపర్తిల చెల్లెకు పానం బాగలేదంట. నేనూ బిడ్డా పోయొస్తం,” అంది ఇవాళ ప్రార్థన కాగానే, అతని మొహం చూడకుండా.

పాల్ గ్లాసు కింద పెట్టాడు. “ఏడింటి బస్సుకే పోండ్రి. తర్వాతది అందుకోదు.”

చెల్లెలి జ్వరానికి టైమేమిటో బస్సెక్కేదాకా ఎస్తేరమ్మకు తట్టలేదు. తట్టాక కూతురి చెవిలో గొణిగింది.

“నాయనకు తెలిసిందేమోనే.”

“తెలిస్తే ఈపాటికి జంగమ్మకు తెల్వదా?” శ్రుతి సంచిలోంచి ఫారం తీసి చూసి, ముసిముసిగా నవ్వింది. “అయినా నాయన సంతకం మస్తు దించినవే అమ్మా!”

“నేనేడ దించిన? నువ్వే పెట్టుకున్నవనుకున్న.”

“నేను పెన్ను ముట్టలే.”

ఎస్తేరమ్మ ఫారం లాక్కుని కిటికీ వెలుతురుకు పెట్టింది.

సంతకం పక్కన ఆకుపచ్చ వేలిముద్ర ఉంది.