కాలరు చీటీ

పొద్దున్నే లాండ్రీ షట్టరు సగం ఎత్తేసరికి మడతల మేడమ్ ఎదురుగా నిలబడి ఉంది.

ఆమె అసలు పేరేమిటో లాండ్రీ నడిపే ఆమెకు తెలియదు. ఏ చొక్కా ఇచ్చినా కాలరు అంచు పొడవునా బొటనవేలితో తడిమి, "ఇక్కడ దొంగమడత పడిందమ్మా" అని తిప్పి ఇస్తుంది. అందుకే ఆ పేరు.

"నా నీలం చొక్కా ఇస్తావా? ఇవాళ అది వేసుకోవాలి."

లాండ్రీ ఆమె షట్టరు మిగతా సగం కూడా ఎత్తి, బట్టల దొంతర వైపు తిరిగింది.

ఆ నీలం చొక్కా కాసేపటి కిందటే ఆమె కూతురి ఒంటి మీద వీధి మలుపు తిరిగింది.

కూతురికి ఇవాళ పెద్ద కాలేజీలో ఇంటర్వ్యూ. రాతపరీక్ష గట్టెక్కింది. ఇదీ గట్టెక్కితే చదువూ హాస్టలూ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. లేదంటే ఇస్త్రీ బల్లకు అవతలి పక్క ఖాళీగానే ఉంది.

పిల్లకున్న ఒక్క మంచి చొక్కాకు కాలరు పోగులు లేచిపోయాయి. తల్లి ఎంత నొక్కి ఇస్త్రీ చేసినా పోగులు పోగుల్లాగే ఉన్నాయి. చివరికి కస్టమర్ల బట్టల దొంతరలోంచి ఈ నీలం చొక్కా లాగింది.

"కస్టమరు బట్ట ఒంటికి తగిలించుకుంటే చేతులు విరగ్గొడతానన్నావుగా" అంది కూతురు.

"అన్నాను. ఇప్పుడు చెయ్యి చాపు."

"ఎవరిదమ్మా ఇది?"

"ఎవరిదైతే నీకెందుకు? సాయంత్రానికి ఉతికి దాని చోట అది పెట్టేస్తాను."

కాలరు లోపల గుర్తు వేసిన ఎర్ర గుడ్డచీటీ కట్టి ఉంది. దాన్ని మాత్రం తెంపలేకపోయింది తల్లి. చీటీ సొంతదారు ఎదురుగానే తెంపాలి. తెగిందంటే బట్ట అప్పగించినట్టే. ఇన్నేళ్ళ అలవాటు చెయ్యి రానివ్వలేదు. లోపలికి మడిచి పంపేసింది.

"ఏమ్మా, చొక్కా?" అంది మళ్ళీ మేడమ్.

"కరెంటు లేదు మేడమ్. ఇస్త్రీ కాలేదు."

మేడమ్ తలెత్తి చూసింది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

లాండ్రీ ఆమె తల దించుకుంది. ఇక తిట్లు పడతాయని సిద్ధపడింది. పడితేనే బాగుండునని కూడా అనిపించింది.

మేడమ్ తన ఒంటి మీది నలిగిన తెల్ల చొక్కా ఒకసారి చూసుకుంది. అరచేత్తో రెండుసార్లు సాపు చేసుకుంది. అది సాపయ్యే రకం నలుగుడు కాదు.

"సరేలే" అని బస్టాపు వైపు నడిచింది.

సాయంత్రం కూతురు అలసిపోయి వచ్చి, చొక్కా విప్పి తల్లి చేతికిచ్చింది.

"ఎలా చేశావే?"

"ఏమోనమ్మా. అడిగారు, చెప్పాను."

అంతకు మించి మాట్లాడే ఓపిక ఇద్దరికీ లేదు. తల్లి చొక్కా ఉతకబోతే కాలరులో చీటీ లేదు. అంత గట్టిగా కట్టింది ఎక్కడ ఊడి చచ్చిందోనని విసుక్కుని, ఆరాక కొత్తది కట్టింది.

మేడమ్ చొక్కా కోసం రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వెళ్ళి ఇద్దామంటే లాండ్రీ ఆమెకు ముఖం చెల్లలేదు. ఇవాళ రేపంటూ నాన్చింది.

కూతురికి సీటొచ్చిందని తెలిసిన రోజు మాత్రం ధైర్యం వచ్చింది. చొక్కాకు మరోసారి ఇస్త్రీ చేసి, కాలరు తనే బొటనవేలితో తడిమి చూసి, మేడమ్ ఉండే మేడకు వెళ్ళింది.

గదికి తాళం. కింది వాటాలోంచి ఇంటావిడ తొంగి చూసింది.

"ఆవిడ ఖాళీ చేసి తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది కదా. ఎక్కడో ఏమో నాకూ చెప్పలేదు."

"మరి ఉద్యోగం?"

"ఉద్యోగమెక్కడిది? అది పోయి ఏడాదైంది. పొద్దున్నే టింగురంగామని తయారై వెళ్ళేది ఉద్యోగం వెతుక్కోవడానికే. పోయిన నెల ఒకచోటికి పిలిచారు. ఇదొక్కటే మిగిలింది వదినా, అంటూ వెళ్ళింది. వచ్చాక అడిగితే, ఇలా నలిగిన చొక్కాతో వెళ్తే ఉద్యోగం ఎవరిస్తారులెండి అని నవ్వేసింది."

లాండ్రీ ఆమె చొక్కా అలాగే పట్టుకుని వెనక్కి వచ్చింది. కూతురు ట్రంకుపెట్టె సర్దుకుంటోంది. తల్లి గుమ్మంలోనే కూలబడి, ఫ్యాను సంగతితో సహా జరిగిందంతా చెప్పేసింది.

కూతురి చేతులు ఆగిపోయాయి.

"ఆవిడ సన్నగా ఉంటుందా? నలిగిన తెల్ల చొక్కానా?"

"నీకెలా తెలుసే?"

"ఆ రోజు బస్టాపులో నా వెనక నిలబడింది. నా కాలరు వంకే చూస్తుంటే ఎవరో తేడా మనిషేమోననుకున్నా. దగ్గరికొచ్చి 'కదలకు, పోగు వేలాడుతోంది' అంది. పుటుక్కున ఏదో తెంపి, గుప్పిట్లో పెట్టుకుంది. బొటనవేలితో కాలరంతా సర్దింది."

"ఏమైనా అందా?"

"ఎక్కడికని అడిగితే ఇంటర్వ్యూకని చెప్పాను. వీపు వంచకు, చొక్కా నీదే అన్నట్టు కూర్చో, అంది. అలాగే కూర్చున్నానమ్మా."

తల్లి ఒళ్ళో ఉన్న చొక్కా కాలరు తిప్పి, తను కట్టిన కొత్త చీటీ వంక చూసింది.

చీటీ సొంతదారు ఎదురుగానే తెంపాలన్నది ఆమె పద్ధతి. ఈ చొక్కాకు ఆ పని సొంతదారే చేసి వెళ్ళిపోయింది.